ఉప్పుగాలిలో సెకండ్‌హ్యాండ్ కారు

పాత కారు కొనబోయేవాళ్లు మొదట అడిగే ప్రశ్నలు రెండే. ఏ సంవత్సరం మోడల్? ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? కర్నూలులోనో అనంతపురంలోనో అయితే ఈ రెంటికీ నిజమైన జవాబు దొరికితే సగం పని అయిపోయినట్టే. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మాత్రం ఇంకో ప్రశ్న ముందుగా అడగాలి: ఈ బండి ఇన్నేళ్లూ ఎక్కడ నిలబడింది?

ముత్తుకూరుకు తూర్పున బంగాళాఖాతం, కృష్ణపట్నం పోర్టు. దగ్గర్లోనే బకింగ్‌హాం కాలువ, ఉప్పుటేర్లు. ఊరి చుట్టుపక్కల రొయ్యల గుంటలు. నేలటూరు వైపు బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రాలు. ఇలాంటి చోట బండి తిరిగితే ఇంజను అరుగుతుంది, నిలబడితే రేకు తుప్పు పడుతుంది. మీటరు లెక్కపెట్టేది మొదటిదాన్ని మాత్రమే. అందుకే ముప్పై వేల కిలోమీటర్లే తిరిగి, ఆరేళ్లు సముద్రం పక్కన చెట్టుకింద నిలిచిన కారుకంటే, ఎనభై వేలు తిరిగిన మెట్ట ప్రాంతపు కారు చాలాసార్లు మేలైన బేరం అవుతుంది. మూడు నాలుగు లక్షలు కూడబెట్టి పిల్లలకోసం, పెద్దవాళ్ల ఆసుపత్రి ప్రయాణాలకోసం ఒక కారు కొనాలనుకునే కుటుంబానికి ఈ సంగతి అందరికంటే ముందు తెలియాలి.

ఉప్పు చేసే పని

ఇనుము తుప్పు పట్టడానికి నీరు కావాలి, ఆక్సిజన్ కావాలి. ఉప్పు వీటికి తోడైతే పని వేగం పెరుగుతుంది. ఇనుప పరమాణువు ఎలక్ట్రాన్లను వదిలి అయానుగా నీళ్లలో కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు లోహం గుండానే పక్కకు పారి, అక్కడి ఆక్సిజన్‌తో, నీటితో కలుస్తాయి. అంటే తుప్పు పట్టే ప్రతి చోటా ఒక చిన్న బ్యాటరీ పనిచేస్తోందన్నమాట. మంచినీళ్లలో ఈ విద్యుత్తు మందకొడిగా సాగుతుంది. లీటరుకు 35 గ్రాముల దాకా ఉప్పున్న సముద్రపు నీటిలో అయాన్లు పుష్కలం కాబట్టి జోరుగా సాగుతుంది. పైగా ఉప్పులోని క్లోరైడు, లోహం మీద ఏర్పడే పలుచని రక్షణ పొరను చీల్చుకుని లోపలికి దిగుతుంది.

కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయానికి చెందిన యులిక్ రిచర్డ్‌సన్ ఇవాన్స్ 1920లలో చేసిన ఒక ప్రయోగం సెకండ్‌హ్యాండ్ కారు చూసేవాళ్లకు నేటికీ పనికొస్తుంది. ఆయన ఇనుప రేకు మీద ఒక ఉప్పునీటి చుక్క వేశారు. చుక్క అంచుకు గాలి బాగా తగులుతుంది, నడిమికి తక్కువగా అందుతుంది. ఇనుము కరిగిపోయింది ఆక్సిజన్ అందని నడిమధ్యలో. ఎర్రటి తుప్పు కనబడింది మాత్రం చుట్టూ వలయంలా. కంటికి కనిపించే తుప్పు ఒకచోట, లోహం తరిగిపోయే చోటు మరొకటి. కారులో రెండు రేకులు కలిసే అతుకు దగ్గర ఎర్రటి చార కనిపిస్తే దాన్ని పైపై మరకగా తీసుకోకూడదని ఈ ప్రయోగం చెబుతోంది. గాలి దూరని అతుకు లోపలే అసలు నష్టం జరుగుతూ ఉండవచ్చు.

ఇక తేమ సంగతి. వానాకాలంలో వంటింట్లో ఉప్పు జాడీ చెమర్చడం అందరూ చూసిందే. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటగానే మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకుని ద్రావణంగా మారుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడుకైతే 33 శాతం చాలు. తీరంలో రాత్రిపూట తేమ తరచుగా ఈ హద్దులు దాటుతుంది. అంటే వాన పడకపోయినా, మంచు కురవకపోయినా, ఉప్పు పట్టిన రేకు రాత్రంతా తడిగానే ఉంటుంది. బొగ్గు మండించే చోట్ల గాలిలో కలిసే సల్ఫర్ డయాక్సైడు ఆ తడిని ఆమ్లంగా మార్చి మరింత ఊతమిస్తుంది.

విరిగే అలల నుంచి గాలిలోకి లేచే ఉప్పు చాలావరకు తీరానికి దగ్గర్లోనే రాలిపోతుంది, లోపలికి వెళ్లేకొద్దీ వేగంగా తగ్గుతుంది. ఆ లెక్కన సముద్రపు ఒడ్డునున్న కుప్పాల్లోని బండికీ ముత్తుకూరు ఊళ్లో నిలిపిన బండికీ తేడా ఉండాలి. ఉంటుంది కూడా. అయితే ఇక్కడ కారుకు ఉప్పు గాలి నుంచే రానక్కర్లేదు. ఉప్పునీటి రొయ్యల గుంటల కట్టల మీద తిరిగే కారు చక్రాలు అదే నీటితో తడిసిన బురదను అడుగుభాగానికి చిమ్ముతాయి. గుంటల్లో గాలి కొట్టే ఏరేటర్ల తుంపర పక్కన నిలిపిన బండి మీద పడుతుంది. ఆ బురద ఎండిపోయాక కూడా ఉప్పు అక్కడే మిగులుతుంది.

పైన మెరుపు, కింద గుల్ల

వాన కారుకు మేలే చేస్తుంది, పైభాగానికి మాత్రం. టాపు మీద, బానెట్ మీద పడిన ఉప్పును కడిగేస్తుంది. చక్రాల పైనున్న గూళ్లు, తలుపుల కింద పొడవునా సాగే రన్నింగ్ బోర్డు, అడుగు రేకు, సస్పెన్షన్ బిగించిన చోట్లు వానకు అందవు. అక్కడ ఉప్పు పేరుకుంటూనే ఉంటుంది. ఎండకూడా తగలదు కాబట్టి ఆరడం ఆలస్యం. అందుకే తీర ప్రాంతపు కారు తరచూ పైనుంచి చూస్తే కొత్తగా, కింద నుంచి చూస్తే ముసలిదిగా ఉంటుంది. పాలిష్ కొట్టించి ఫొటోలు తీసి పెట్టే అమ్మకాల్లో కొనేవాళ్లకు చూపించేది ఎప్పుడూ మొదటి సగాన్నే.

కుటుంబ కార్లలో చాలావాటికి విడిగా చాసిస్ ఉండదు. ఒంటి రేకు నిర్మాణమే చాసిస్ పని చేస్తుంది. కోడిగుడ్డు పెంకులాగా దాని బలమంతా ఆకారంలో, చెక్కుచెదరని అంచుల్లో ఉంటుంది. రన్నింగ్ బోర్డు గుల్లబారితే పోయేది అందం కాదు, ప్రమాదంలో లోపలివాళ్లను కాపాడే పంజరం. బొలేరో లాంటి బండ్లకు కింద నిచ్చెన ఆకారంలో విడిగా చాసిస్ ఉంటుంది. వాటిలో ఆ చాసిస్ పట్టీలను, వాటి అతుకులను చూడాలి.

ర్యాంపు మీద పది నిమిషాలు

కారును ఒక షెడ్డుకు తీసుకెళ్లి ర్యాంపు ఎక్కించండి, లేదా లిఫ్టు మీద లేపించండి. చేతిలో టార్చిలైటు, ఒక స్క్రూడ్రైవరు చాలు.

అడుగున గోధుమరంగు పొర పలుచగా ఉండి, గీకితే కింద గట్టి లోహం మెరిస్తే భయపడక్కర్లేదు. సైలెన్సరు మీద, బోల్టుల మీద అది సహజం. పొరలు పొరలుగా ఊడివచ్చే తుప్పు అయితే ప్రమాద సూచన. తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు ఆక్రమిస్తుంది కాబట్టి అతుకులు ఉబ్బి విచ్చుకుంటాయి. స్క్రూడ్రైవరు పిడితో రన్నింగ్ బోర్డు పొడవునా మెల్లగా తట్టండి. గట్టి రేకు ఖంగుమంటుంది. పుట్టీ నింపిన చోట మొద్దు శబ్దం వస్తుంది. జాకీ పెట్టే చోట రేకు నొక్కుకుపోయి ఉంటే, షాకబ్జార్బర్లు పైన బిగించిన చోట పగుళ్లు ఉంటే, ఆ బండిని వదిలేయండి. ఇంజను బాగుచేయించవచ్చు, క్లచ్ ప్లేటు మార్చవచ్చు, కుళ్లిన ఒంటిని మార్చలేం.

తర్వాత బ్రేకు గొట్టాలు. వెనుక చక్రాల దాకా వెళ్లే సన్నని ఉక్కు గొట్టాలు తుప్పు తింటే, గట్టిగా బ్రేకు తొక్కిన క్షణంలోనే పగలవచ్చు. బ్రేకు ఆయిల్ కూడా గాలిలోని తేమను పీల్చుకునే రకం. డాట్-4 రకం కొత్త ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. నీరు చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తబడుతుంది, బండి ఆగదు. తేమ ఎక్కువున్న మన తీరంలో కొన్న వెంటనే దీన్ని మార్చించడం, ఆపైన రెండేళ్లకోసారి మార్చడం తప్పనిసరి.

అడుగంతా కొత్తగా నల్లటి కోటింగ్ కొట్టి ఉంటే మురిసిపోకండి. శుభ్రం చేసిన రేకు మీద కొట్టిన కోటింగ్ రక్షిస్తుంది. తుప్పు మీదనే కొట్టినది తేమను లోపల బంధించి తుప్పును పెంచుతుంది, కొనేవాడి కంటికి అడ్డుపడుతుంది. అమ్మకానికి కొద్దిరోజుల ముందు కొట్టించినట్టు తెలిస్తే ఎందుకో అడగండి. టింకరింగ్ జరిగిందేమో తెలుసుకోవడానికి పెయింటు మందం కొలిచే చిన్న పరికరం ఉంటుంది. కంపెనీ పెయింటు సాధారణంగా 80 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. ఒకే తలుపు మీద అది 400 చూపిస్తే కింద పుట్టీ ఉన్నట్టే. పరికరం దొరక్కపోతే పలుచని గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని ఆనించి చూడండి. పుట్టీ దట్టంగా ఉన్నచోట అది అంటదు.

తీరంలో ఏసీ కూడా ఉప్పుకు ఎరే. బండి ముందుభాగంలో ఉండే కండెన్సరు అల్యూమినియంతో చేసింది. క్లోరైడు దానికి సన్నటి గుంతలు పెడుతుంది, గ్యాసు కారిపోతుంది. ఎండలో బండి నిలిపి, ఇంజను ఆన్‌లో ఉంచి, పావుగంట ఏసీ వేసి చూడండి. మొదట చల్లగా వచ్చి తర్వాత వేడెక్కితే ఖర్చు కాచుకుని ఉన్నట్టు.

వరద చూసిన బండ్లు

నెల్లూరుకు చెన్నై పెద్ద దూరం కాదు. అక్కడి సెకండ్‌హ్యాండ్ కార్లు ఇటు రావడం మామూలే. 2015 డిసెంబరు వరదల్లో, 2023 డిసెంబరు మిచాంగ్ తుపానులో చెన్నైలో లెక్కలేనన్ని కార్లు నీట మునిగాయి. 2021 నవంబరులో పెన్నా వరద నెల్లూరు జిల్లానే ముంచింది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. మునిగిన కారును ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి, సెంటు కొట్టి అమ్మడం కష్టమేమీ కాదు.

నీటిని నొక్కి కుదించలేం. మునిగిన బండిని స్టార్టు చేస్తే సిలిండర్లో చేరిన నీరు పిస్టన్‌ను ఆపేస్తుంది, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ఇంజను బతికినా వైరింగ్‌లోకి చేరిన నీరు రాగి కనెక్టర్లకు పచ్చటి చిలుము పట్టిస్తుంది. ఆ జబ్బు నెలల తర్వాత ఒక్కొక్కటిగా బయటపడుతుంది: ఒకరోజు పవర్ విండో, ఇంకోరోజు ఏబీఎస్ లైటు, మరోరోజు స్టార్టింగ్.

మునిగిన బండిని పట్టుకోవడం కష్టం కాదు. సీటుబెల్టును పూర్తిగా చివరిదాకా లాగండి, బురద చార అక్కడ దాక్కుంటుంది. కార్పెట్ అంచు ఎత్తి తడిమి చూడండి. సీటు కింద పట్టాల మీద తుప్పు, ఫ్యూజు బాక్సులో చిలుము, డిక్కీలో స్టెప్నీ గుంటలో మట్టి ఉన్నాయేమో చూడండి. మూసిన కారులో అద్దాలు దించకుండా రెండు నిమిషాలు కూర్చుంటే ముక్క వాసన తెలిసిపోతుంది.

ఇంజను, మీటరు

ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేసి చూడాలి. మీరు వెళ్లేసరికి బానెట్ వేడిగా ఉంటే, చల్లబడే దాకా ఆగండి, లేదా మర్నాడు రండి. సైలెన్సరు నుంచి నీలిపొగ వస్తే ఇంజనాయిల్ మండుతోందని అర్థం. ఆగకుండా తెల్లపొగ వస్తే కూలెంటు సిలిండర్లోకి చేరుతోందేమోనని అనుమానించాలి. నల్లపొగ వస్తే ఇంధనం సరిగా మండడంలేదు. ఆయిల్ మూత తీస్తే లోపల పాలమీగడ రంగు జిగురు కనబడితే నూనెలో నీరు కలుస్తోందేమో మెకానిక్‌తో తేల్చుకోండి.

రీడింగ్ తిప్పిన బండ్లు బజారులో ఉన్నాయి. మీటరు ఒక్కదాన్నే నమ్మకుండా దాన్ని ఇతర సాక్ష్యాలతో సరిచూడండి. క్లచ్ పెడల్ రబ్బరు నున్నగా అరిగి, స్టీరింగ్ మెరుస్తూ, డ్రైవరు సీటు అంచు కుంగి ఉంటే ముప్పై వేల లెక్క నిలవదు. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది: మొదటి రెండు వారం, చివరి రెండు సంవత్సరం. 2319 అంటే 2019లో ఇరవైమూడో వారం. సర్వీసు బిల్లుల్లో రీడింగ్ ఏటేటా ఎలా పెరిగిందో చూడండి. బండి ఏ ఊళ్లో ఉండేదో కూడా ఆ బిల్లులే చెబుతాయి. 2019 మొదట్లో మన రాష్ట్రమంతటికీ ఏపీ 39 సిరీస్ వచ్చాక నంబరు ప్లేటు చూసి జిల్లా చెప్పలేం. అంతకుముందు ఏపీ 26 అంటే నెల్లూరు అని తెలిసేది. ఇప్పుడు ఆర్‌సీలోని చిరునామా, పాత ఇన్సూరెన్సు కాగితాలు, సర్వీసు బిల్లులు కలిపి చూస్తేనే బండి ఏ గాలిలో పెరిగిందో తేలుతుంది.

2013 తర్వాతి కార్లలో ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది. తక్కువ ధరకు దొరికే స్కానరు పెట్టి ఫోనులో చూస్తే దాచిన లోపాల కోడ్‌లు కనబడతాయి. ఎవరైనా ముందురోజు కోడ్‌లు చెరిపేసి ఉంటే, కంప్యూటరు స్వీయ పరీక్షలు ఇంకా పూర్తికాలేదని చూపిస్తుంది. ఆ సూచన కనబడితే బండిని కొన్ని రోజుల తర్వాత మళ్లీ చూడండి.

ఏది కొనాలి?

తక్కువ బడ్జెట్‌లో మొదట చూడాల్సింది భద్రత. 2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశపు చిన్న కార్లను ఐదింటిని గుద్ది పరీక్షిస్తే, ఎయిర్‌బ్యాగులు లేని ఆ రకాలకు పెద్దల రక్షణలో ఒక్క స్టారు కూడా రాలేదు. ఆ తర్వాతే నిబంధనలు మారాయి. 2019 ఏప్రిల్ నుంచి తయారైన కార్లన్నింటికీ ఏబీఎస్, ఆ ఏడాది జూలై నుంచి డ్రైవరు ఎయిర్‌బ్యాగ్, 2022 నుంచి ముందుసీటు ప్రయాణికుడికి కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయ్యాయి. కాబట్టి 2019 ద్వితీయార్ధం తర్వాత తయారైన చిన్న కారు, అంతకుముందరి పెద్ద కారుకంటే కుటుంబానికి మంచి ఎంపిక. పాతది తీసుకోక తప్పకపోతే ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ ఉన్న వేరియంట్‌నే వెతకండి.

రెండోది విడిభాగాలు. షెవర్లే అమ్మకాలు 2017 చివర్లో ఆగిపోయాయి. ఫోర్డ్ 2021లో మన దేశంలో తయారీ ఆపుతున్నట్టు ప్రకటించింది. డాట్సన్ 2022లో నిష్క్రమించింది. ఆ బండ్లు చవకగా దొరుకుతాయి, కొన్ని మంచి బండ్లు కూడా. కానీ ఒక హెడ్‌లైట్ కోసం వారాలు ఎదురుచూడాల్సి రావచ్చు. నెల్లూరు ఆటోనగర్‌లో స్పేర్లు తేలిగ్గా దొరికే, స్థానిక మెకానిక్‌కు చేయి తిరిగిన మారుతి, హ్యుందాయ్ పెట్రోలు కార్లు మొదటిసారి కొనే కుటుంబానికి నిశ్చింత.

డీజిలు వద్దనే చెబుతాను, నెలకు వేలకొద్దీ కిలోమీటర్లు తిరిగేవాళ్లు తప్ప. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిళ్లలో మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. పట్టిన మసిని అది సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చేసుకుంటుంది. ముత్తుకూరు నుంచి నెల్లూరుకు, మళ్లీ వెనక్కి తిరిగే చిన్న ప్రయాణాల్లో ఆ వేడి చాలాసార్లు అందదు. ఫిల్టరు మూసుకుపోతే ఖర్చు వేలల్లోనే.

పెట్రోలు విషయంలో ఒక సంగతి. బంకుల్లో దొరుకుతున్న పెట్రోలులో ఇప్పుడు 20 శాతం దాకా ఇథనాల్ ఉంటోంది. దానికి పూర్తిగా తగిన భాగాలతో కార్లు వస్తున్నది 2023 ఏప్రిల్ నుంచి. ఇథనాల్ తేమను ఆకర్షిస్తుంది, పాత రబ్బరు గొట్టాలను పాడుచేయవచ్చు. పదేళ్లు దాటిన కారు కొంటే పెట్రోలు గొట్టాలు, వాషర్లు మార్పించుకోండి.

ధర, కాగితాలు

బీమా లెక్కలో కారు విలువ మొదటి ఏడాదికే 15 శాతం, మూడేళ్లకు 30 శాతం, ఐదేళ్లకు 50 శాతం తగ్గుతుంది. బేరానికి ఇది మంచి ఆధారం. 2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది, కొత్త ధరలు తగ్గాయి. అమ్మేవారు తాను కొన్ననాటి ధర చెబితే, అదే మోడల్ ఈనాటి షోరూం ధర ముందుపెట్టి మాట్లాడండి. ఖరీదులో పదోవంతయినా పక్కన ఉంచుకోండి. టైర్లు, బ్యాటరీ, ఆయిళ్లు, బ్రేకులు మొదటి నెలలోనే అడుగుతాయి.

ఆర్‌సీలోని చాసిస్ నంబరు, ఇంజను నంబరు బండి మీదున్న వాటితో అంకె అంకె సరిచూడండి. అప్పు ఉంటే బ్యాంకు ఇచ్చిన ఫారం 35, ఎన్‌ఓసీ తీసుకోండి. పేరు మార్పుకు ఫారం 29, 30 కావాలి. తమిళనాడు బండి అయితే ఫారం 28తో అక్కడి ఎన్‌ఓసీ కావాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ మొత్తం కలుపుకుంటే చెన్నై కారు చవక కాకపోవచ్చు. ప్రైవేటు కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు చెల్లుతుంది. తర్వాత ఫిట్‌నెస్ నెగ్గితేనే ఐదేళ్లకోసారి పొడిగిస్తారు. అడుగు తుప్పుపట్టిన బండికి ఆ పరీక్ష గండమే.

పేరు మార్పు వాయిదా వేయకండి. ఆర్‌సీలో పేరున్నవారే చట్టం దృష్టిలో యజమాని అని, ప్రమాద పరిహార బాధ్యత వారిదేనని 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అందుకే అమ్మేవారికి ఇది మరీ అవసరం. కొన్న 14 రోజుల్లో ఇన్సూరెన్సు కూడా మీ పేరు మీదకు మార్పించుకోండి.

కొన్నాక కూడా ఉప్పు ఆగదు. గుంటల దారిలో వెళ్లివచ్చిన రోజే అడుగుభాగాన్ని నీళ్లతో కడిగించండి. అయితే మీ ఇంటి బోరు నీళ్లు ఉప్పగా ఉంటే వాటితో కడగడం హాని, మంచినీళ్లే వాడాలి. తలుపుల అడుగున నీరు పోయే రంధ్రాలు మట్టితో పూడకుండా పుల్లతో తీస్తుండండి. తడిసిన బండి మీద ప్లాస్టిక్ కవరు కప్పకండి.

చివరిగా ఒక మాట. కారు నచ్చింది, పిల్లలు ఎక్కి కూర్చున్నారు, రంగు బాగుంది, బ్రోకరు తొందరపెడుతున్నాడు. ఆ గడియలో అడ్వాన్సు ఇవ్వకండి. మీకు నమ్మకమున్న మెకానిక్‌కు అతని కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి, బండిని ర్యాంపు ఎక్కించండి. అడుగు చూపించడానికి ఒప్పుకోని మనిషి దగ్గర, ఎంత తగ్గించి ఇచ్చినా, కొనకండి.